శ్రమకాలమున ప్రార్థన మానినవారికి



శ్రమకాలపు నలువది దినములు మరల వచ్చినవి. మన బాప్తిస్టు పెద్దలు కొందఱు, "ఈ ఆచారము మనది కాదు; లూథరను వారిది, ఇంగ్లీషు సంఘమువారిది; లేఖనములలో దీనికి ఆజ్ఞ యెక్కడ నున్నది?" అని యడుగుచున్నారు. ఆజ్ఞ లేదనుట నిజమే. నేను వాదింపను. అయితే ఆజ్ఞ లేని నలువది దినములను గూర్చి యింతగా తర్కించు మనము, ఆజ్ఞ యున్న ప్రార్థనను ఎంత సులభముగా మానివేసితిమో చూడుడి. బుధవారపు కూటమున ఎన్ని బల్లలు ఖాళీగా నున్నవో ప్రతి సంఘమువారికిని తెలియును.

ప్రార్థన మానినవారందఱు సోమరులు కారు. ఒక ముసలి తల్లి నాతో ఇట్లనెను: "అయ్యా, నా కుమారుడు త్రాగుడు మానవలెనని పదునెనిమిది ఏండ్లు ప్రార్థించితిని. వాడు మానలేదు. ఇక అడుగుటకు నాకే సిగ్గుగా నున్నది. దేవుని విసికించుచున్నా నేమో." నేను వెంటనే న్యాయాధిపతిని విడువక వేడుకొనిన విధవరాలి ఉపమానము చెప్పితిని. ఆమె తల యూపెను గాని ఆమె ముఖమున ఓదార్పు కనబడలేదు. బోధకులమైన మాకు వచనము నోటికి త్వరగా వచ్చును. ఎదుటివారి దుఃఖము చెవికి ఆలస్యముగా చేరును. ఆ దినమున ఆమెకు చెప్పవలసి యుండి చెప్పలేకపోయిన మాటను ఇప్పుడు మీ కందఱికిని వ్రాయుచున్నాను.

1854వ సంవత్సరము జనవరి 1వ తేదీ తెల్లవాఱు జామున ఒంగోలు కొండమీదికి అయిదుగు రెక్కిరి. జూయెట్ దొరగారు, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు. అప్పటికి తెలుగు మిషను ఆరంభమై పదునెనిమిదేండ్లయినను ఫలము మిక్కిలి స్వల్పము. దానిని మూసివేయుదమా యని అమెరికాలో ఆలోచనలు జరుగుచుండెను. ఆ యైదుగురు కొండమీద మోకరించి, ఒంగోలునకు ఒక సేవకుని పంపుమని వేడుకొని దిగి వచ్చిరి. మఱునాడు ఎవరును రాలేదు. మఱు సంవత్సరమును రాలేదు. క్లౌ దొరగారు ఒంగోలు చేరినది 1866లో. పండ్రెండేండ్లు! కొండ యెక్కిన పిమ్మట గడచిన ఆ పండ్రెండేండ్లను గూర్చి మన ప్రసంగములలో ఎవరును చెప్పరు. కథలో ఆ భాగము త్వరగా దాటిపోవుదుము. బ్రదుకులో దానిని దాటుట కాదు, అందు కాపురముండుటయే మన పని.

తరువాతి సంగతి మీరెఱుగుదురు. 1876 మొదలు 1878 వఱకు ఘోరమైన కరవు వచ్చెను. క్లౌ దొరగారు బకింగుహాము కాలువ త్రవ్వకములో కొంత భాగము కంట్రాక్టు తీసికొని ఆకలిగొన్నవారికి కూలి కల్పించిరి. అన్నముకొఱకు చేరుదు రేమో యని ఆ దినములలో బాప్తిస్మము లియ్యక నిలిపిరి. 1878 జూలై 3న వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. అటుపిమ్మట ఆ తెలుగు సంఘములే తమ చందాలు కూర్చుకొని 1903లో జాన్ రంగయ్య గారిని నేటాలునకు పంపెను. ఆయన వచ్చిన యేటనే కియర్స్నీ తేయాకు తోటలో మన మొదటి సంఘము ఏర్పడెను. కొండ యెక్కిన ఆ యైదుగురు ఒంగోలును అడిగిరి గాని నేటాలును అడుగలేదు. సముద్రము దాటి కూలికి పోవువారి పిల్లలు తమ ప్రార్థనలో నుందురని వారికి తోచియుండదు.

అయితే ఈ కథను పూచీకత్తు పత్రమువలె చూపువారితో నేను ఏకీభవింపను. "తగినంత కాలము అడుగుము, తప్పక దొరకును" అని చెప్పుట సులభము. 1860 మొదలు 1911 వఱకు ఒడంబడిక మీద ఈ తీరమునకు వచ్చిన మన పితరులలో ఎందఱో, మరల తల్లి ముఖము చూపుమని ప్రార్థించి ఇక్కడి మంటిలోనే నిద్రించిరి. వారి విశ్వాసము తక్కువది కాదు. గెత్సేమనే తోటలో మన ప్రభువు అడిగిన గిన్నెయు తొలగింపబడలేదు గదా. శ్రమకాలము మనకు జ్ఞాపకము చేయు ప్రార్థన అదియే: అడిగినది దొరకకపోయినను తండ్రిని తండ్రి యనుట మానని ప్రార్థన.

ఉపవాసమును గూర్చి ఒక మాట. తెలుగుదేశమున ఈ దినములు ఎండకాలము. ఇచ్చట పగళ్లు కుఱుచయగు కాలము, చెఱకు నిలువెత్తు పెరిగి కోతకు ఎదురుచూచు కాలము. వారము వారము కొలిచి యిచ్చిన బియ్యము, పప్పు, ఉప్పుతో దినములు గడపిన కూలివారి మనుమలము మనము. పస్తుండుట యందలి గొప్పతనము మనకు ఎవరును నేర్ప నక్కఱలేదు. యెషయా యేబదియెనిమిదవ అధ్యాయమున ప్రభువు కోరిన ఉపవాసము వేఱు: ఆకలిగొన్నవానికి తన ఆహారము పంచుట, బీదవానిని ఇంట చేర్చుకొనుట. 2022లో మట్టల ఆదివారము గడచిన మఱునాడు, ఏప్రిలు 11న, ఈ రాష్ట్రమున కురిసిన వర్షమునకు కొండచఱియలు ఇండ్లమీద పడెను. నాలుగు వందలకు పైగా జనులు చనిపోయిరి. టోంగాట్ ఊరికి నీరిచ్చు యంత్రశాల పాడై, అచ్చటి కొళాయిలు నెలల తరబడి ఎండి యుండెను. ఆ పరిశుద్ధ వారమున ఎవరు మాంసము మానిరో నాకు తెలియదు, తెలిసికొన గోరను. తన బిందెలో సగము ప్రక్కయింటి కుండలో పోసినవాడు, ఆ యిల్లు ఏ మతమువారిదైనను, ఉపవాస మాచరించినవాడే.

మఱియొక చిన్న సంగతి. "పిల్లలు తెలుగు మఱచిరి, ఇంగ్లీషులో ప్రార్థించుచున్నారు" అని కొందఱు పెద్దలు కూటములలో వారిని గద్దించుచున్నారు. ఇది తగదు. తెలుగు పోవుట నాకును దుఃఖమే. అయినను బిడ్డ నోరు తెఱచినప్పుడు భాష దిద్దుటకు కూర్చుంటిమా, వాడు నోరే మూసికొనును. మొదట ఆమేన్ అనుడి. తెలుగు పిమ్మట ఇంట నేర్పవచ్చును.

ఈ నలువది దినములలో మా సంఘమున చేయుచున్నది వ్రాసెదను. మీకు తగినదైన మీరును చేయుడి. ఒక నోటుపుస్తకమున పేర్లు వ్రాసితిమి. తమకొఱకు తాము ప్రార్థింపలేక అలసినవారి పేర్లు, వారు ఎవరికొఱకు అడిగి అలసిరో వారి పేర్లు. ప్రతి కుటుంబమును ఒక్కొక్క పేరు తీసికొని ఈస్టరు ఉదయము వఱకు దినదినము దేవుని యెదుట ఎత్తవలెను. పెద్ద మాటలు వలదు. పేరు చెప్పిన చాలును.

పోయిన బుధవారము ఆ ముసలి తల్లి కూటమునకు వచ్చెను. ఆమె నోరు తెఱవలేదు. ఆమె కుమారుని పేరు ఒక పదేండ్ల బాలిక ఇంగ్లీషులో చెప్పి ప్రార్థించుచుండగా, కొంగు ముఖమునకు అడ్డము పెట్టుకొని కూర్చుండెను. రాబోవు బుధవారపు కూటము ఆమె యింటనే, సాయంకాలము ఆఱు గంటలకు.