నవల చదవని ప్రేక్షకుడి మాట
మణిరత్నం ‘పొన్నియిన్ సెల్వన్’ రెండో భాగంపై 2023లో ప్రేక్షకుల అసంతృప్తి రెండు రకాలుగా వినిపించింది: దానికి మూలమైన కల్కి తమిళ నవల చదివినవారు మణిమేఖల పాత్రే లేదని, మధురాంతకుడి జన్మరహస్యాన్ని ఎత్తేశారని నొచ్చుకున్నారు; చదవనివారు ఎవరు ఎవరికి ఏమవుతారో అంతుబట్టడం లేదన్నారు. మొదటి అభ్యంతరం అర్థం చేసుకోదగినదే కానీ, దానితో సినిమాను తూచలేం. 1950 నుంచి మూడున్నరేళ్లకు పైగా వారపత్రికలో సాగి, అయిదు సంపుటాలైన కథను రెండు భాగాల్లో ఇమడ్చాలంటే కోతలు తప్పవు. రెండో అభ్యంతరానికి మాత్రం దర్శకుడే జవాబుదారు. కథలోని చోళ సామంతులైన పళువేట్టరాయర్ సోదరులలో పెద్దవారెవరో, చిన్నవారెవరో తమిళ పాఠకుడికి చిన్ననాటి పరిచయం. తెలుగు ప్రేక్షకుడికి ఆ వెసులుబాటు లేదు. నిజానికి ఈ చోళుల చరిత్ర మనకు పరాయిదేమీ కాదు. కథానాయకుడు అరుళ్‌మొళి, అంటే రాజరాజ చోళుడు, తన కుమార్తెను వేంగి రాజు విమలాదిత్యుడికిచ్చి పెళ్లి చేశాడు. నన్నయను ఆదరించిన రాజరాజనరేంద్రుడు ఆ దంపతుల బిడ్డే. అయినా కథ దూరమనిపించిందంటే లోపం కథనానిదే. దీన్ని సాకుగా చూపి చారిత్రక నవలలు తెరకు పనికిరావని మన నిర్మాతలు తేల్చేస్తే అంతకన్నా పొరపాటు ఉండదు. నోరి నరసింహశాస్త్రి ‘నారాయణభట్టు’, అడివి బాపిరాజు ‘హిమబిందు’ వంటివి మనకున్నాయి. వాటిని చేపట్టేవారు సెట్టింగులకన్నా ముందు స్క్రీన్‌ప్లేకు సమయం, డబ్బు కేటాయించాలి. నవల ఊసే తెలియని ప్రేక్షకుడికి కథ అర్థమైందని తేల్చుకున్నాకే చిత్రీకరణకు దిగాలి.