కళ్లంలో కొలిచే మేర

తూర్పారబట్టిన ధాన్యం బండికెక్కకముందే కళ్లంలో మేరలు కొలిచేవాళ్లు. చాకలికి ఇంత, మంగలికి ఇంత, వడ్రంగికి ఇంత, చెరువు నీళ్లు పారించేవాడికి ఇంత. ఆ ఏర్పాటులో కులం ఉంది, చేతులు కట్టుకుని పక్కన నిలబడటం ఉంది. తలచుకుని మురిసిపోవడానికి ఏమీ లేదు. అయితే అందులో ఒక లెక్క మాత్రం గట్టిది. రైతు మనసు మంచిదా కాదా అన్నది అక్కడ ఎవరూ అడగరు, పంట ఎంత పండిందన్నదే అడుగుతారు. గాదెకు చేరాక వెళ్లి చెయ్యి చాపితే భిక్షం. కళ్లంలో కొలిస్తే వాటా.

అమెరికాలో పేదల ఇళ్లకు బ్యాంకుల లాభాల్లోంచి సొమ్ము వచ్చే పద్ధతి ఒకటుంది. దాని గురించి చదివితే ఈ మేరే గుర్తొస్తుంది. అక్కడ ఫెడరల్ హోమ్ లోన్ బ్యాంకులని 11 ఉన్నాయి. పేరు చూసి వీధి మలుపులో శాఖ ఉంటుందనుకోకూడదు. ఇవి బ్యాంకులకు బ్యాంకులు. మహామాంద్యం రోజుల్లో, ఇళ్ల మీద అప్పులిచ్చే సంస్థల దగ్గర నగదు నిండుకున్నప్పుడు, 1932లో హూవర్ అధ్యక్షుడిగా ఉండగా 12 బ్యాంకులతో మొదలయ్యాయి. 2015లో సియాటిల్ బ్యాంకు డెమోయిన్ బ్యాంకులో కలిసిపోయింది. చిన్నా పెద్దా బ్యాంకులు, క్రెడిట్ యూనియన్లు, బీమా కంపెనీలు వీటిలో సభ్యులు, యజమానులూ వాళ్లే. సభ్యులు తమ దగ్గరున్న ఇంటి అప్పుల పత్రాలు కుదువపెట్టి ఇక్కడ డబ్బు తీసుకుంటారు. ఈ బ్యాంకులు ఆ డబ్బును బాండ్లు అమ్మి తెస్తాయి. పీకల మీదికొస్తే సర్కారు చూస్తూ ఊరుకోదన్న నమ్మకం మదుపరులది. అందుకే దాదాపు సర్కారుకు ఇచ్చినంత చౌకగా వీటికీ అప్పు పుడుతుంది. పైగా ఆదాయపు పన్ను లేదు.

ఇంత వెసులుబాటు అనుభవిస్తున్నవాళ్లు బదులుగా ఏమివ్వాలన్న ప్రశ్న 57 ఏళ్ల పాటు గట్టిగా రాలేదు. ఒక పెద్ద దివాలా తర్వాత వచ్చింది. సేవింగ్స్ అండ్ లోన్ సంస్థలు ఇష్టారాజ్యంగా అప్పులిచ్చి 1986-95 మధ్య వెయ్యికి పైగా మూతపడ్డాయి. పన్ను కట్టేవాళ్ల నెత్తిన పడిన భారం సుమారు 12,400 కోట్ల డాలర్లు. ఆ శిథిలాలు ఎత్తిపోయడానికి 1989 ఆగస్టులో చట్టం చేస్తున్నప్పుడు, ప్రతినిధుల సభ బ్యాంకింగ్ కమిటీకి శాన్ ఆంటోనియో నుంచి గెలిచిన హెన్రీ గొంజాలెజ్ అధ్యక్షుడు. ఆ చట్టంలోనే ఈ మేర చేరింది. హోమ్ లోన్ బ్యాంకులు తమ ఆదాయంలో మొదట 5 శాతం, 1995 నుంచి 10 శాతం పేదల ఇళ్లకు తీసిపెట్టాలి. అన్నీ కలిపి ఏడాదికి 10 కోట్ల డాలర్లకు తగ్గకూడదు. వాటాదారుల డివిడెండు గాదెకు చేరకముందే ఇది కొలవాలి.

పదో వంతు అంటే పెద్ద మాటేమీ కాదు. ఈ సొమ్ము విలువ దాని పరిమాణంలో లేదు, అది వచ్చి కూర్చునే చోట ఉంది. అమెరికాలో ఒక కుటుంబం ఆదాయంలో 30 శాతానికి మించి ఇంటికి పోకపోతే ఆ ఇల్లు అందుబాటులో ఉన్నట్టు లెక్క. తక్కువ అద్దె ఇళ్లు కట్టే సంస్థ ఏదైనా ఖర్చు మొత్తాన్నీ ఒక్కచోట తేలేదు. ఇలాంటి ఇళ్లకని 1986లో తెచ్చిన పన్ను రాయితీ నుంచి కొంత, నగరపాలిక నుంచి కొంత, రాష్ట్రం నుంచి కొంత, బ్యాంకు అప్పు కొంత. ఒక్కో పేలిక తెచ్చి కుట్టిన బొంత అది. అన్నీ కుట్టాక కూడా ఒక మూల కాళ్లు బయటికొస్తాయి. అక్కడ మరో అప్పు తెచ్చి వేస్తే దాని వడ్డీ అద్దెలోకి ఎక్కుతుంది. అద్దె పెరిగితే ఇంత తిప్పలూ ఎవరి కోసం పడ్డట్టు? ఆ మూలకు వేసే అతుకు ఈ గ్రాంటు. తిరిగి ఇవ్వనక్కర్లేదు కాబట్టి అద్దె మీద బరువు పడదు.

షరతులున్నాయి. అద్దె ఇళ్లయితే కనీసం అయిదో వంతు, ఆ ప్రాంతపు మధ్యగత ఆదాయంలో సగానికి మించి సంపాదించని కుటుంబాలకు కేటాయించాలి. సొంత ఇల్లయితే కొనేవాళ్ల ఆదాయం అందులో 80 శాతం దాటకూడదు. కట్టే సంస్థ నేరుగా అడగలేదు. సభ్యత్వమున్న ఒక బ్యాంకు దాని తరఫున దరఖాస్తు పెట్టాలి. దరఖాస్తులకు మార్కులు వేస్తారు. నిలువ నీడ లేనివాళ్లకైతే ఇన్ని, దానంగా వచ్చిన స్థలమైతే ఇన్ని. పేదరికానికి కూడా పోటీ పరీక్షా అని మనసు చివుక్కుమంటుంది. మరోపక్క, ఈ నిబంధన వల్లే ఎందరో బ్యాంకు మేనేజర్లు తమ ఊళ్లో ఇల్లు లేనివాళ్ల గురించి జీవితంలో మొదటిసారి ఒక ఫైలు తెరిచి ఉంటారు. 1976లో జార్జియాలోని అమెరికస్ అనే చిన్న ఊళ్లో పుట్టిన హేబిటాట్ ఫర్ హ్యుమానిటీ, ఇంటివాళ్ల చేత కూడా సుత్తి పట్టించి ఇళ్లు కట్టే సంస్థ, ఈ సొమ్ముతో చాలా గోడలు లేపింది. మొత్తం మీద 1990 నుంచి పది లక్షలకు పైగా కుటుంబాలకు ఈ మేర ఏదో ఒక రూపంలో అందింది.

లాభంలో వాటా అన్నాక ఒక చిక్కు తప్పదు: పంట తగ్గితే మేర తగ్గుతుంది. ఈ బ్యాంకుల పంట మాత్రం విచిత్రమైనది. కోవిడ్ రోజుల్లో సర్కారు డబ్బు కుమ్మరించడంతో బ్యాంకుల నిండా డిపాజిట్లు చేరాయి. హోమ్ లోన్ బ్యాంకుల గడప తొక్కే పని ఎవరికీ పెద్దగా లేకపోయింది. 2021 ఆదాయం మీద తేలిన వాటా 20 కోట్ల డాలర్లకు అటూఇటూగా మిగిలింది. ఆ తర్వాత వడ్డీలు పెరిగాయి, బ్యాంకులకు గుబులు పుట్టింది, అప్పుల కోసం ఎగబడ్డాయి. 2023లో కుప్పకూలిన సిలికాన్ వ్యాలీ బ్యాంకు అంతకుముందు ఏడాది చివరికే శాన్ ఫ్రాన్సిస్కో హోమ్ లోన్ బ్యాంకుకు 1,500 కోట్ల డాలర్లు బాకీ ఉంది. ఆ 2023లో పేదల ఇళ్ల వాటా 75 కోట్ల డాలర్లకు చేరింది. ఉన్నవాళ్ల భయం లేనివాళ్ల గోడగా మారడమంటే ఇదే కాబోలు.

ఆ ఏడాది నవంబరులోనే ఈ బ్యాంకుల నియంత్రణ సంస్థ ఒక పెద్ద నివేదికలో నిష్ఠూరమాడింది: పేరులో ఇల్లుంది, పనిలో ఇల్లు పలచబడింది, 10 శాతాన్ని కనీసం 20 చేయమని చట్టసభను కోరాలి. సర్కారు అండ వల్ల ఈ బ్యాంకులకు 2024లో ఒనగూరే మేలు సుమారు 730 కోట్ల డాలర్లని చట్టసభ బడ్జెట్ కార్యాలయం లెక్కగట్టింది. ఆ అంకె పక్కన 75 కోట్లు పెట్టి చూస్తే, మేర కొలిచే కుంచం అడుగున గుడ్డ కుక్కారేమోనన్న అనుమానం రాకమానదు. బ్యాంకులు తమంతట తాము 15 శాతం దాకా ఇస్తామన్నాయి. మంచిదే. కానీ తమంతట తాము ఇచ్చేది తమంతట తాము మానేయొచ్చు కూడా.

మనకూ 1988 జులై నుంచి జాతీయ హౌసింగ్ బ్యాంకు ఉంది. ఇంటి అప్పులిచ్చే సంస్థలకు వెనక నుంచి అప్పివ్వడం దాని పని. అందులో చౌక ఇళ్ల నిధి పెడతామని 2018-19 కేంద్ర బడ్జెట్ చెప్పింది. ప్రాధాన్య రంగాలకు ఇవ్వాల్సినంత అప్పివ్వని బ్యాంకులు ఆ లోటు సొమ్మును ఇలాంటి నిధుల్లో జమచేయాలి. అక్కడ లాభం పండినవాడు ఇస్తాడు, ఇక్కడ పని ఎగ్గొట్టినవాడు జమచేస్తాడు. అదీ అప్పుగానే తిరుగుతుంది, మళ్లీ వెనక్కి చేరుతుంది. తిరిగి ఇవ్వనక్కర్లేని సొమ్ము మన దగ్గర చాలావరకు సర్కారు ఖజానాదే. అందుకే ఊళ్లలో ‘బేస్‌మెంట్ బిల్లు పడింది, శ్లాబు బిల్లు పడలేదు’ అన్న మాట ప్రభుత్వాలు మారినా మారదు. పథకం పేరు మారుతుంది, తలుపు మీది బొమ్మ మారుతుంది, పిల్లర్ల మీద ఇనుప చువ్వలు మాత్రం వానకు తడుస్తూ ఉంటాయి.

అమెరికా మేరకు కూడా గడువుంది. అద్దె ఇళ్లను 15 ఏళ్లు, సొంత ఇళ్లను 5 ఏళ్లు పేదలకే ఉంచాలి. పన్ను రాయితీ కూడా తీసుకున్నచోట ఆ షరతు ఇంకా చాలా ఏళ్లు కాపాడుతుంది. అది లేనిచోట, 2010లో పూర్తయిన అద్దె ఇళ్లకు 2025తో కట్టు విడిపోయింది. ఆ ఏడు ఆ గదుల్లో పుట్టిన పిల్లలు ఇప్పుడు హైస్కూల్లో ఉన్నారు. కొత్త అద్దె కాగితం మీద ఎంత రాసి వస్తుందోనని వాళ్ల అమ్మ పోస్టు డబ్బా తెరిచి చూస్తూ ఉంటుంది.