ప్రయాణం ఉందని బీపీ మాత్ర మానేస్తున్నారా?

షాబాద్‌లో పొద్దున్నే బస్సెక్కి చేవెళ్ల, మొయినాబాద్ మీదుగా మెహదీపట్నం చేరాలంటే గంటన్నర పైనే పడుతుంది. మధ్యలో బాత్రూమ్‌కు వెళ్లే వీలుండదు. మగవాళ్లయితే బస్సు ఆగినచోట ఏ చెట్టు చాటుకో వెళ్లొస్తారు. ఆడవాళ్లకు ఆ అవకాశమూ లేదు. అందుకే బీపీకి 'మూత్రం మాత్ర' వాడే పెద్దావిడ పట్నం వెళ్లాల్సిన రోజు దాన్ని పక్కన పెట్టేస్తుంది. పెళ్లికి వెళ్లినా అంతే. పూల తోటలో కూలికి వెళ్లినా అంతే. అదే పెద్దావిడకు వారం తర్వాత వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయనుకోండి. 'బీపీ మందు ఒక్కరోజు కూడా ఆపొద్దన్నారు' అంటూ నీరసంతో మూలుగుతూనే ఆ మాత్ర మింగుతుంది. మానకూడని రోజు మానేయడం, ఆపాల్సిన రోజు వేసుకోవడం! ఈ మాత్రలతో వచ్చే చిక్కుల్లో చాలావరకు ఈ తారుమారు నుంచే మొదలవుతాయి.

(షాబాద్ అనగానే ఇళ్లలో పరిచే బండల ఊరనుకునేరు. అది కర్ణాటకలో కలబురగి వైపు ఉంది. నేను చెబుతున్నది మన రంగారెడ్డి జిల్లా షాబాద్ గురించి.)

'మాకు అలాంటి మాత్ర ఇవ్వలేదు' అనేవాళ్లు ఒకసారి ఇంట్లో ఉన్న మందుల అట్ట తీసి చూడండి. ఇప్పుడు బీపీ మందులు రెండు మూడు కలిపి ఒకే మాత్రగా వస్తున్నాయి. మందు పేరు చివర 'హెచ్' అని ఉంటే సాధారణంగా అందులో హైడ్రోక్లోరోథయజైడ్ కలిసి ఉంటుంది. 'సీటీ' అని ఉంటే చాలావాటిలో క్లోర్‌థాలిడోన్ ఉంటుంది. అయితే ఈ అక్షరాలు కంపెనీని బట్టి మారిపోతుంటాయి. వాటినే నమ్ముకోకుండా కింద చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు చదవాలి. ఇంట్లో చదువుకునే పిల్లలుంటే ఈ పని వాళ్లకు అప్పగించండి, అయిదు నిమిషాల్లో తేల్చేస్తారు. హైడ్రోక్లోరోథయజైడ్, క్లోర్‌థాలిడోన్, ఇండపమైడ్, ఫ్యూరోసమైడ్, టార్సమైడ్, స్పైరనోలాక్టోన్... వీటిలో ఏది కనిపించినా మీరు మూత్రం మాత్ర వేసుకుంటున్నట్టే.

ఈ మాత్ర చేసేదేమిటి? కిడ్నీలు రక్తాన్ని వడగట్టి, అందులోని ఉప్పును చాలావరకు మళ్లీ ఒంట్లోకే పంపిస్తాయి. మాత్ర ఆ పనికి కొంత అడ్డుపడుతుంది. ఉప్పు మూత్రంలోకి పోతుంది, దాని వెంట నీరూ పోతుంది. రక్తనాళాల్లో ఒత్తిడి తగ్గుతుంది. మొదట్లో కొన్నాళ్లు మూత్రం ఎక్కువసార్లు వస్తుంది. కొన్ని వారాలు గడిచేసరికి ఒళ్లు అలవాటు పడిపోతుంది, రాకపోకలు తగ్గుతాయి. 'ఇప్పుడు మూత్రం ఎక్కువ రావడం లేదు, మందు పనిచేయడం మానేసింది' అనుకుంటారు చాలామంది. అది పొరపాటు. అప్పటికి రక్తనాళాలు సడలుతాయి, బీపీ అదుపులోనే ఉంటుంది. కాబట్టి నెలల తరబడి థయజైడ్ రకం మాత్ర వాడుతున్నవారికి బస్సు భయం నిజానికి అంత అవసరం లేదు. ఫ్యూరోసమైడ్ సంగతి వేరు. ఒంట్లో నీరు చేరినవారికి, గుండె బలహీనపడినవారికి ఎక్కువగా ఇచ్చే మందు అది. వేసుకున్న గంటలోపే మొదలై ఆరు గంటల దాకా మూత్రాన్ని తోడేస్తుంది.

మరి ప్రయాణం రోజున ఏం చేయాలి? మాత్రను మానేయకుండా వేళ మార్చుకోవచ్చు. మధ్యాహ్నానికి ఇంటికి చేరేవాళ్లు చేరాక వేసుకోవచ్చు. సాయంత్రం నాలుగు దాటాక వేసుకుంటే మాత్రం రాత్రంతా లేవాల్సి వస్తుంది. చీకట్లో తూలిపడితే పెద్దవాళ్లకు తుంటి ఎముక విరిగే ప్రమాదమూ ఉంటుంది. ఎప్పుడైనా ఒక రోజు తప్పిపోతే మర్నాడు పొద్దున ఒకటే వేసుకోవాలి. తప్పినదాన్ని కలిపి రెండు మింగకూడదు. ఇంకో సంగతి. కలిపి చేసిన మాత్రను మానేస్తే అందులోని టెల్మిసార్టాన్ వంటి రెండో మందు కూడా ఆ రోజుకు పోయినట్టే. వారంలో మూడు రోజులు సంతకో, పట్నానికో పోయేవారికి బీపీ అదుపులో లేకపోవడానికి కారణం ఇదే కావచ్చు. ఆ సంగతి చెప్పకపోతే డాక్టర్ ఉన్న మందు చాలడం లేదనుకుని మరో మందు కలుపుతారు. రోజూ ప్రయాణం చేయాల్సిన పని ఉంటే అది కూడా చెప్పండి. వేళ మార్చడమో, మందే మార్చడమో ఆయన చూస్తారు. మూత్రం వస్తుందన్న భయంతో దారిలో నీళ్లు తాగడం మానేయడం అన్నిటికన్నా చెడ్డ ఉపాయం. ముఖ్యంగా ఏప్రిల్, మే నెలల్లో.

ఇక ఆపాల్సిన రోజు సంగతి. విరేచనాలు, వాంతులు పట్టుకున్నప్పుడు, తీవ్రమైన జ్వరంతో ఏమీ తినలేక, తాగలేక పడుకున్నప్పుడు ఒంట్లోంచి నీరూ ఉప్పూ ఎలాగూ పోతుంటాయి. ఆ పైన మూత్రం మాత్ర కూడా వేసుకుంటే బీపీ దిగజారిపోతుంది, కిడ్నీలకు చేరే రక్తం తగ్గుతుంది. పక్కనే టెల్మిసార్టాన్, లోసార్టాన్, ఎనలాప్రిల్, రామిప్రిల్ వంటివి వాడుతుంటే ముప్పు ఇంకా ఎక్కువ. అందుకే ఒంట్లో బాగున్న రోజుల్లోనే డాక్టర్‌ను ఒక మాట అడిగి పెట్టుకోండి: 'నాకు విరేచనాలైతే వీటిలో ఏ మాత్రలు ఆపాలి? మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలి?' అని. ఆయన చెప్పింది మందుల చీటీ మీదే రాయించుకోండి. సాధారణంగా మామూలుగా తిని తాగడం మొదలుపెట్టేదాకా, అంటే ఒకటి రెండు రోజులు, ఈ మాత్ర ఆపమంటారు. ఓఆర్ఎస్ తాగమంటారు. గుండె బలహీనత ఉన్నవాళ్లు మాత్రం సొంతంగా ఆపకూడదు, ఫోన్ చేసైనా కనుక్కోవాలి. లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నా, మూత్రం బాగా తగ్గిపోయినా, మాట తికమకగా ఉన్నా ఇంట్లో కూర్చోకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

రంజాన్ ఉపవాసాలు ఉండేవారు నెల మొదలవకముందే మాత్ర వేళలు మార్పించుకోవాలి. శివరాత్రి జాగారానికీ ఇదే మాట.

మన ఊళ్లలో దీనికి ఇంకో ముడి ఉంది, నొప్పుల మందులు. పొద్దంతా వంగి కూరగాయలు కోసిన మనిషికి నడుము, మోకాళ్లు పట్టేస్తాయి. ఊళ్లో వైద్యం చేసే ఆయన దగ్గర ఓ డైక్లోఫెనాక్ సూది, వెంట నాలుగు మాత్రలు. బీపీ మందు వాడుతున్నట్టు ఆయన అడగరు, వీళ్లు చెప్పరు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఇబుప్రోఫెన్ వంటివి మూత్రం మాత్ర పనిని తగ్గిస్తాయి, బీపీని పెంచుతాయి. అన్నిటినీ మించి, మూత్రం మాత్ర, సార్టాన్ లేదా ప్రిల్ రకం మందు, నొప్పి మాత్ర... ఈ మూడూ కలిస్తే కిడ్నీలు ఉన్నట్టుండి దెబ్బతినొచ్చు. నొప్పి భరించాల్సిన పని లేదు. తగిన మోతాదులో పారాసిటమాల్ చాలామందికి సరిపోతుంది.

ఇంత చదివాక 'ఇదెక్కడి మందు, మాకొద్దు' అనుకోకండి. 1958లో క్లోరోథయజైడ్ మార్కెట్లోకి రాకముందు మూత్రం రప్పించడానికి పాదరసం కలిసిన ఇంజెక్షన్లు వాడేవారు. బీపీకి నోటితో వేసుకునే తేలికైన మందు అంటే ఏమిటో ప్రపంచానికి తెలిసింది ఆ ఏడాదే. 2002లో అమెరికాలో ముప్పై మూడు వేల మందికి పైగా రోగులతో సాగిన ఆల్‌హాట్ పరిశోధన ఫలితాలు వచ్చాయి. అప్పటి కొత్త, ఖరీదైన మందులకు పాత క్లోర్‌థాలిడోన్ ఏమాత్రం తీసిపోలేదు. 2008లో వచ్చిన హైవెట్ పరిశోధన ఎనభై ఏళ్లు దాటినవారి మీదే చేశారు. ఇండపమైడ్‌తో మొదలుపెట్టి, కావాల్సినవారికి పెరిండోప్రిల్ కలిపారు. మరణాలు అయిదో వంతు దాకా తగ్గాయి. 'ఈ వయసులో బీపీ మందెందుకు' అనే మాటకు అది మంచి జవాబు. మన దేశంలో 2017లో అయిదు రాష్ట్రాల్లో మొదలైన బీపీ నియంత్రణ కార్యక్రమంలో తెలంగాణ కూడా ఉంది. ఆ పనికి 2022లో ఐక్యరాజ్యసమితి పురస్కారం కూడా దక్కింది.

మందు మంచిదే. కాకపోతే దానికి రక్తపరీక్ష తోడుండాలి. మొదలుపెట్టే ముందు ఒకసారి, రెండు నుంచి నాలుగు వారాల తర్వాత ఒకసారి సోడియం, పొటాషియం, క్రియాటినిన్ చూడాలి. తర్వాత ఆరు నెలలకో, ఏడాదికో డాక్టర్ చెప్పినట్టు. ఎక్కువమంది ఎగ్గొట్టేది ఆ రెండో పరీక్షనే. సోడియం పడిపోయేది చాలావరకు మొదటి కొద్ది వారాల్లోనే, అదీ బక్కపలుచని పెద్దవయసు ఆడవాళ్లలో ఎక్కువ. అవ్వ రెండు రోజులుగా సరిగా తినడం లేదు, అడుగు తడబడుతోంది, చెప్పిందే చెబుతోంది. ఇంట్లోవాళ్లు వయసు మీద పడిందనుకుంటారు. తీరా రక్తం చూస్తే సోడియం అడుగంటి ఉంటుంది. దాన్ని ఇంట్లో ఉప్పు నీళ్లు పట్టి సరిచేయడానికి లేదు, ఆసుపత్రిలో నెమ్మదిగా పెంచాలి. చప్పిడి తిండి తింటూ, కిడ్నీలు శుభ్రపడతాయని రోజుకు అయిదారు లీటర్ల నీళ్లు తాగే అలవాటు కూడా ఇందుకు దారితీస్తుంది. దాహానికి తగినంత తాగితే చాలు.

పొటాషియం దగ్గర సలహాలు ఇచ్చేవాళ్లు ఎక్కువ. 'నీటి మాత్ర వాడుతున్నావా, రోజూ కొబ్బరి నీళ్లు తాగు, అరటిపండు తిను' అంటారు. ఒక్క థయజైడ్ మాత్రమే వాడేవారికి, కిడ్నీలు బాగున్నవారికి అది తప్పు సలహా కాదు. పిక్కలు పట్టేయడం, నిస్సత్తువ, గుండె దడ ఉంటే పొటాషియం తగ్గిందేమో చూడాలి. కానీ స్పైరనోలాక్టోన్ వాడేవారిలో పొటాషియం పెరుగుతుంది. పైన టెల్మిసార్టాన్ ఉన్నా, కిడ్నీల జబ్బు ఉన్నా మరీ. పెరిగిన పొటాషియం గుండెను ఆపేయగలదు. 'బీపీ వాళ్ల ఉప్పు' అని అమ్మే సోడియం తక్కువ ఉప్పులో కూడా సాధారణంగా పొటాషియమే కలుపుతారు. డాక్టర్‌ను అడగకుండా దాన్ని కొనకండి.

ఉప్పు గురించి వేరే చెప్పక్కర్లేదనుకుంటాను. జాతీయ పోషకాహార సంస్థ చెప్పేది రోజుకు అయిదు గ్రాములు, అంటే ఒక చెంచాడు. మామిడికాయ తొక్కు, అప్పడాలు, మిక్చర్ అన్నీ ఆ చెంచాలోనే. చాలామందికి తెలియని విషయం ఒకటుంది. మాత్ర వేసుకుంటూ ఉప్పు ఎక్కువ తింటే బీపీ తగ్గకపోవడమే కాదు, పొటాషియం కూడా ఇంకా ఎక్కువగా పోతుంది.

బొటనవేలు ఉబ్బి నిప్పులా మండితే యూరిక్ యాసిడ్ పెరిగిందేమో చూపించుకోవాలి. షుగర్ కూడా కొద్దిగా పెరగొచ్చు. గర్భం వచ్చినా, రావాలనుకుంటున్నా బీపీ మందులన్నీ ముందే మార్పించుకోవాలి.

చెకప్‌కు వెళ్లే రోజు పొద్దున చాలామంది 'పరగడుపున రమ్మన్నారు కదా' అని బీపీ మాత్ర కూడా వేసుకోకుండా వెళ్తారు. అక్కడ బీపీ పెరిగి కనిపిస్తుంది, చీటీలో మోతాదు పెరుగుతుంది. పరగడుపు అంటే తిండి వద్దని. డాక్టర్ ప్రత్యేకంగా వద్దంటే తప్ప రెండు గుక్కల నీళ్లతో బీపీ మాత్ర వేసుకునే వెళ్లండి. వాడుతున్న మందుల అట్టలన్నీ, నొప్పి మాత్రలతో సహా, సంచిలో వేసుకెళ్లండి. కూర్చున్నప్పుడు బీపీ చూశాక, 'నిలబెట్టి కూడా ఒకసారి చూడండి' అని అడగండి.