చదువరి అప్పుల పద్దు

సాయంకాలము ఆరుగంటల వేళ అమీర్‌పేట మైత్రీవనము ముందర నిలిచి చూచినవారికి, ఈ ప్రాంతమున లెక్క వ్రాసికొనని మనుష్యుడు లేడని తోచును. శిక్షణ తరగతినుండి వెలువడు విద్యార్థి, నేర్చిన పాఠములెన్ని, మిగిలిన పాఠములెన్ని, కట్టిన ఫీజెంత, కట్టవలసిన వాయిదా యెంత యని వ్రేళ్లు మడిచి లెక్కించుకొనుచు నడచును. జిరాక్సు దుకాణమువాడు పుటకింత చొప్పున ప్రతులను లెక్కించును. హాస్టలు యజమాని మంచమునకింత చొప్పున నెలబాడుగ లెక్కించును. మెట్రో స్టేషను మెట్లయొద్ద కరపత్రములు పంచు కుర్రవాడు సైతము తన చేతిలోని కట్ట తరుగుచున్న తీరును గమనించుచునే యుండును. ఇన్ని లెక్కల నడుమ, ఈ సంవత్సరమున తాను తనకొరకై చదివిన పుస్తకములెవ్వి, అవి తనకేమి యిచ్చినవి అను లెక్క వ్రాసికొనువారు మాత్రము మిక్కిలి అరుదు. ఆ లెక్కను ప్రతి చదువరియు వ్రాసికొనవలెననియు, దానిని ఆస్తుల జాబితాగా కాక అప్పుల పద్దుగా వ్రాసికొనవలెననియు నా దృఢాభిప్రాయము.

గతమాసమున నొకనాడు పంజగుట్టనుండి అమీర్‌పేటవైపు నడచి వచ్చుచు, కాలిబాటపై పాతపుస్తకములు పరచియున్న యొకచోట ఆగితిని. పోటీపరీక్షల గైడ్లు, కాలముచెల్లిన కంప్యూటరు పాఠ్యగ్రంథములు దొంతరలుగా పేర్చియుండగా, వాని అడుగున అట్ట వెలిసిన సురవరం ప్రతాపరెడ్డిగారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' కనబడెను. లోపలి పుటలో ఎవరో తమ పేరును, కొన్న తేదీని నీలిసిరాతో వ్రాసికొని, ఆ పేరును మరల ఎవరో కొట్టివేసియుండిరి. అడిగిన వెల యిచ్చి, ఆ గ్రంథమును ఇంటికి తెచ్చి, అలవాటు చొప్పున పేరు వ్రాసికొనుటకై నా నోటుపుస్తకము తెరచి, పాతపుటలు త్రిప్పుచుండగా, 2013వ సంవత్సరపు పుటలలో ఆ గ్రంథనామమే నా చేతివ్రాతలో నున్నది! అమీర్‌పేట నడివీథిలో మెట్రో స్తంభములు ఒకటొకటిగా లేచుచుండిన ఆ కాలమున, ఒక మిత్రునియొద్ద ఎరవు తెచ్చుకొని దానిని నాలుగు దినములలో చదివి, క్రింద రెండు వాక్యములు వ్రాసితిని: తిండి, బట్ట, ఆటపాటల ముచ్చటలే తప్ప రాజుల వృత్తాంతము తక్కువగా నున్నదనియు, దీనిని చరిత్ర యనుట యెట్లనియు. అదే గ్రంథమును ఇప్పుడు తిరిగి చదువగా, నేను లోపమని వ్రాసినదే ఆ గ్రంథమునకు ప్రాణమని తెలిసినది. ఆ రెండు వాక్యములు కాగితముపై లేకున్నచో, నేను మారితినన్న సంగతియే నాకు తెలియకపోవును. మొదటినుండియు ఆ గ్రంథమును గౌరవించితిననియే తలచుకొనుచు కాలము గడపియుందును. జ్ఞాపకము మనయెడ పక్షపాతము వహించును, సిరా వహింపదు.

ఈ యుపదేశము నాకు అందినది ఆ గ్రంథమువలననే యగుట కేవలము యాదృచ్ఛికము కాదు. 1949లో వెలువడి, 1955లో, గ్రంథకర్త దివంగతుడైన పిదప, తెలుగునకు కేంద్ర సాహిత్య అకాడమీ మొట్టమొదటి పురస్కారమును సంపాదించిన ఆ గ్రంథము, ఒక మహాపాఠకుని పఠనఫలము. పాల్కురికి సోమనాథుని మొదలుకొని శతాబ్దముల పర్యంతము తెలుగు కవులు తమ కావ్యములలో ప్రసక్తానుప్రసక్తముగా విడిచిపోయిన మాటలనుండి, మన పూర్వులు ఏమి తినిరో, ఏమి కట్టిరో, ఏ యాటలాడిరో, ఏ పండుగలు చేసికొనిరో, ఏ నమ్మకములను పట్టుకొని బ్రతికిరో ప్రతాపరెడ్డిగారు ఏరి కూర్చిరి. ఇతరులు వర్ణనయని, అలంకారమని దాటిపోయిన పద్యమున ఆయనకొక వంటయిల్లు, ఒక అంగడివీథి, ఒక పల్లెజాతర కనబడినవి. చదివినదానిని చదివినట్లే విడిచిపెట్టు వానికి అట్టి గ్రంథము సాధ్యమగునా? ప్రతి కావ్యమునకును తాను దేనికి ఋణపడెనో గుర్తుంచుకొన్నవాడే ఆ ఋణములనన్నిటిని చేర్చి ఒక జాతిచరిత్రగా తీర్చగలడు. నిజాము రాష్ట్రమున తెలుగుకవులు లేరను నిందకు ఆయన వాదముతో ప్రత్యుత్తరము చెప్పి ఊరకుండలేదు. 1934లో 354 మంది కవుల రచనలతో 'గోలకొండ కవుల సంచిక'ను అచ్చొత్తించి లోకము ముందుంచెను. పేర్లు వరుసగా వ్రాయుట అల్పకార్యమని తలచువారు ఆ సంచికను ఒక్కమారు చేతబట్టి చూడవలెను.

వ్రాసికొను ఈ యలవాటు మనకు క్రొత్తదియు కాదు. తాళపత్రగ్రంథము ముగించిన లేఖకుడు, ఏ నామసంవత్సరమున, ఏ మాసమున, ఏ తిథినాడు తన వ్రాత ముగిసెనో, ఎవరికొరకు వ్రాసెనో, కడపటి ఆకుపై చెక్కి, తప్పులున్న మన్నింపుమని చదువరిని వేడుకొనెడివాడు. 1830 మే 18న చెన్నపట్టణమునుండి కాశీయాత్రకు బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగివచ్చిన ఏనుగుల వీరాస్వామిగారు, దారిలోని ప్రతి మజిలీని, అచ్చటి నీటివసతిని, జనుల నడవడిని వ్రాసి మిత్రునికి పంపుచుండుటచేతనే, ఆ దారినున్న నాటి మన హైదరాబాదు నేటికిని మన కన్నుల కట్టుచున్నది. పఠనమును యాత్రయే, గ్రంథములు మజిలీలు, మజిలీల పేర్లు మరచిన బాటసారి తాను నడచిన దూరమును ఎట్లు చెప్పగలడు? 1922 మార్చిలో ఆరేండ్ల శిక్షపడి ఎరవాడ చెరసాల చేరిన గాంధీమహాత్ముడు, 1924 ఫిబ్రవరిలో విడుదల యగువరకు జరిగిన ఆ నిర్బంధకాలమున, తాను ముగించుచున్న గ్రంథముల పేర్లను దినచర్యయందు పొదుపైన పంక్తులలో వ్రాసికొనెను. సీమలో చార్లెస్ డార్విను 1838నుండి 1860వరకు చదువవలసినవి, చదివినవి యని పఠనపట్టికలు వ్రాసికొనుచు వచ్చెను. జీవపరిణామమును గూర్చిన తన ప్రధానభావమునకు జనసంఖ్యపై మాల్థసు వ్రాసిన గ్రంథము ఊతమిచ్చెనని ఆయన చెప్పినప్పుడు, 1838 నాటి ఆ పఠనమునకు ఆయన పుస్తకములే సాక్ష్యము పలుకుచున్నవి. ఎంత గొప్ప బుద్ధియైనను తాను అప్పుపడినచోటును దాచుకొనక చెప్పుటకు ఇట్టి పద్దు తోడ్పడును.

అప్పు అను మాటను నేను ఊరక వాడుటలేదు. మనుష్యుడు మూడు ఋణములతో పుట్టునని మన పెద్దలు చెప్పిరి. దేవఋణము యజ్ఞముచేతను, పితృఋణము సంతానముచేతను, ఋషిఋణము అధ్యయనముచేతను తీరునని వారి నిర్ణయము. మూడవదానిని తీర్చు మార్గము చదువుటయేయని చెప్పుటలో ఎంతటి యౌదార్యమున్నదో గమనింపుడు: ఇచ్చినవానికి తిరిగి చెల్లింపనక్కరలేదు, పుచ్చుకొన్నది వమ్ముగాకుండ నిలుపుకొని, మరియొకరికి అందించినచో చాలును. కాని ఎవరియొద్ద ఏమి పుచ్చుకొంటిమో మరచినవాడు దేనిని నిలుపుకొనును, దేనిని అందించును? కావుననే చదువరికి పద్దు కావలయును.

సంవత్సరాంతమున నూరు చదివితిని, నూటయిరువది చదివితినని సంఖ్య చెప్పి సంతోషించు ఆచారము ఈమధ్య మన యువజనులలో ప్రబలుచున్నది. వారి యుత్సాహమును నేను నిందింపను. చదువుటయే అరుదైన కాలమున చదివితినని చెప్పుకొనుట మంచిదే. అయినను సంఖ్య యొక్కటే గురియైనప్పుడు, సన్నని పుస్తకము లావుపాటి పుస్తకమును వెనుకకు నెట్టును. సులభమైనది కఠినమైనదానిని నెట్టును. అన్నిటికంటె ముఖ్యముగా, తిరిగి చదువుట నష్టముగా కనబడును. మన సంప్రదాయమున పఠనమునకు పరమావధి పారాయణము. సుందరకాండను ఏటేట పారాయణము చేయు ఇల్లాలు ఇరువదియేండ్లలో ఒక్క గ్రంథమే చదివెనని చెప్పుటకు ఎవరికి నోరు వచ్చును? ఏ యేటి సుందరకాండ ఆ యేటిదే. కూతురు కాన్పుకు వచ్చిననాటి పారాయణము వేరు, పెనిమిటి మంచము పట్టిననాటి పారాయణము వేరు. ఇరువదిమారులు చదివిన ఆమె పద్దులో ఇరువది పంక్తులుండవలెను, ప్రతిపంక్తియు నిండుగా నుండవలెను.

అట్లయిన ఏమి వ్రాయవలెను? నా యనుభవమున తేలినది మిక్కిలి స్వల్పము. ముగించిన తేదీ, గ్రంథము పేరు, కర్త పేరు తప్పక ఉండవలెను. అనువాదమైనచో అనువాదకుని పేరు విడువరాదు, ఏలయన మనకు ఆ గ్రంథమును అందించినది ఆ చేయియే. అది నాయొద్దకు ఏ దారిని వచ్చెనో తరువాత వ్రాయవలెను: ఎవరు చెప్పిరి, ఎవరు ఎరవిచ్చిరి, ఏ కాలిబాటపై దొరకినది. ఈ గడి మొదట నిరర్థకమనిపించును గాని, పదియేండ్లు గడచిన పిమ్మట నాకు అత్యంత ప్రియమైనది ఇదియే. మరణించిన మిత్రుల పేర్లు ఆ గడిలో సజీవముగా నున్నవి. ఆ పిదప రెండుమూడు వాక్యములు: కథాసారము కాదు, ప్రశంసయు కాదు, ఆ గ్రంథమును మూసిన క్షణమున నాలో నిలిచినదేదో అది. నచ్చనిచో నచ్చలేదని, అర్థము కానిచో అర్థము కాలేదని వ్రాయవలెను. సగములో విడిచిన పుస్తకమును సైతము, ఏ పుటయొద్ద, ఏ కారణముచేత విడిచితినో వ్రాయవలెను. ఇంతకుమించి నియమములు పెట్టుకొన్నచో పద్దు భారమై పదిదినములకే మూలబడును. జనవరిలో మొదలిడవలెనను నిర్బంధమును లేదు. ఉగాదినాడు పంచాంగశ్రవణమున కూర్చుండి తమ రాశికి ఆదాయమెంత, వ్యయమెంత యని చెవియొగ్గి వినువారమే కదా మనము, ఆనాడే బుద్ధికి సంబంధించిన ఆదాయమునకును ఒక పుట తెరచుకొనుట యెంత సముచితము!

అమీర్‌పేట యువకులను, యువతులను గూర్చి ఒకమాట. రెండు తెలుగు రాష్ట్రముల నలుమూలలనుండి వారు ఇచ్చటికి వత్తురు. నలుగురు పంచుకొను గదిలో, ఒక పెట్టె, ఒక పరుపు తమవిగా, నెలలకొలది బ్రతుకుదురు. వారు చదువని వారు కారు. వారివలె చదువువారు ఈ నగరమున తక్కువ. అయినను వారు చదువునదంతయు ఉద్యోగము రాగానే విప్పివేయబడు పరంజివంటిది. ఆ పరంజి నడుమ తమదైన ఒక గోడ లేచుచున్నదా లేదా యని చూచుకొనుటకు వారికి ఒక నలుబది పుటల నోటుపుస్తకము చాలును. అమీర్‌పేటలో మెట్రో ఎక్కి ఎల్.బి. నగరమునకు చేరులోపల ఒక కథ చదువవచ్చును. పంజగుట్ట పెద్దాసుపత్రి వరండాలో రోగికి తోడుగా కూర్చున్న రాత్రి ఒక నవల సగము చదువవచ్చును. ఆ కథ పేరును, ఆ రాత్రి తేదీని వ్రాసికొన్నచో, ఇరువదియేండ్లకు పిమ్మట అది కేవలము పుస్తకము పేరుగా మిగులదు.

ఈ నగరమునకు ఇట్టి విషయములలో పూర్వవైభవము కలదు. 1901 సెప్టెంబరు 1న, తెలుగున చదువుటకే పెద్ద ప్రోత్సాహము లేని రోజులలో, రావిచెట్టు రంగారావుగారి యింట శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది; కొమఱ్ఱాజు లక్ష్మణరావు, నాయని వేంకటరంగారావు గారల వంటివారు దానికి అండయైరి. ఈ నగరమునకు వెలుపల, 1935లో పాతూరి నాగభూషణముగారు కొల్లిపర, పెదవడ్లపూడి గ్రామముల మధ్య కాలువలో పడవపై పుస్తకములు పంపి, గట్టుననున్న రైతు చేతికి అందించిరి. నేడు ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయపు సెస్సుగా మనము చెల్లించుచున్నాము. ఆ ధనమునుండి, క్రొత్తగా చేరిన ప్రతి సభ్యునికి కార్డుతోపాటు ఒక చిన్న పఠనపుస్తకము ఇచ్చుట గ్రంథాలయాధికారులకు మోయరాని వ్యయము కాదు. అట్లే, హాస్టళ్ల వసారాలలో ఒక బల్లచెక్క, దానిపై విద్యార్థులు విడిచిపోయిన పుస్తకములు, ప్రక్కన పురికొసతో కట్టిన ఒక రిజిస్టరు ఉంచినచో, నిన్న ఆ మంచమున పరుండినవాడు ఏమి చదివెనో, ఏమని తలచెనో నేడు వచ్చినవాడు తెలిసికొనును. ఋషిఋణము తీరు విధము అదియే గదా.

నా నోటుపుస్తకమున 2013 నాటి రెండు వాక్యములను నేను కొట్టివేయలేదు. వాని క్రింద తేదీ వేసి, పంజగుట్ట కాలిబాటపై లభించెనని గుర్తు వ్రాసి, ఈ చరిత్రలో రాజులకంటె ప్రజలే మిన్నగా కనబడుచున్నారనియు, ఆనాడు చూడలేకపోతిననియు వ్రాసితిని. ఆ పుటలో మరి నాలుగు పంక్తులకు చోటు మిగిలియున్నది. దానిని అట్లే ఉంచితిని.