లెక్క అడిగేవాళ్లు కావాలి



పోయిన నెల మేమిద్దరం నాలుగు రోజులు హైదరాబాదులో, నానక్‌రామ్‌గూడలో ఉన్నాం. మా సండేస్కూల్లో పెరిగిన తమ్ముడొకడు అక్కడ కంపెనీలో పని చేస్తున్నాడు. "అయ్యగారూ, అమ్మగారూ, ఒక్కసారి వచ్చి మా గదిలో ప్రార్థన చేసి వెళ్లండి" అని ఏడాదిగా పిలుస్తున్నాడు. ఆ ఊరి భవనాలను తలెత్తి చూస్తే మెడ నొప్పి పుడుతుంది. 2019లో ప్రారంభించిన అమెజాన్ క్యాంపస్ ఒక్కదానిలోనే 15 వేలమంది పని చేయవచ్చట. మా మండలంలో మూడు నాలుగు ఊళ్లు కలిపినా అంతమంది ఉండరు.

తమ్ముడి బల్లమీద వ్యాపార నాయకత్వం గురించిన పుస్తకాలున్నాయి. మేనేజరు కావాలని చదువుకుంటున్నాడు. అతను ఆఫీసుకు వెళ్లాక మేము వాటిని తిరగేశాం. వాక్యం చెప్పేవాళ్లకు ఇవెందుకులే అనుకుంటూనే మొదలుపెట్టాం. సత్యం కంప్యూటర్స్ కథ దగ్గర మాత్రం మా చేతులు ఆగిపోయాయి.

ఆ కథ మీకూ తెలిసిందే. 1987లో రామలింగరాజు గారు మొదలుపెట్టిన ఆ కంపెనీ యాభై వేలమందికి పైగా ఉద్యోగం ఇచ్చింది. కంపెనీని చక్కగా నడుపుతున్నందుకు 2008లో అవార్డు కూడా అందుకుంది. 2009 జనవరి 7న ఆయనే బోర్డుకు లేఖ రాశారు. పుస్తకాల్లో చూపించిన డబ్బులో 5,040 కోట్లు అసలు లేవని ఒప్పుకున్నారు. అంతకుముందు సెప్టెంబరుతో ముగిసిన మూడు నెలలకు నిజంగా మిగిలింది 61 కోట్లయితే, చూపించింది 649 కోట్లు. తేడా మొదట్లో చిన్నదేనని, ఏటేటా పెరిగి చెయ్యి దాటిపోయిందని ఆ లేఖలోనే ఉంది. తన స్థితిని ఆయన పులిమీద స్వారీతో పోల్చుకున్నారు. 2015లో కోర్టు ఏడేళ్ల శిక్ష వేసింది. తర్వాత అప్పీలులో బెయిలు దొరికింది.

ఒకరిమీద రాయి వేయడానికి ఇది రాయడం లేదు. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు గనుక రాస్తున్నాం.

మా పరిచర్యకు సహాయం పంపేవారికి మేము ఏటా నివేదిక రాస్తాం. ఆరేళ్ల క్రితం ఆదివారం ఆరాధనకు నలభైమంది వస్తుంటే "సుమారు యాభై" అని రాశాం. పండగకు వచ్చినవాళ్లను కలుపుకుంటే అంతే కదా అని మా మనసుకు మేమే సర్దిచెప్పుకున్నాం. మరుసటి ఏడు సంఘం ఎదిగిందని చూపించాలి కదా, అరవై అయింది. పోయిన ఏడు తొంభై రాశాం. మందిరంలో చాపలమీద కూర్చునేది ఇప్పటికీ నలభై అయిదుమందే. మేము ఒక్క రూపాయి తినలేదు. ఆ సహాయంతో విధవరాళ్లకు బియ్యం ఇస్తున్నాం, పిల్లలకు సాయంత్రం చదువు చెప్పిస్తున్నాం. అందుకే అది అబద్ధంలా కనబడలేదు.

ఇక్కడే ఆ కథ మమ్మల్ని పట్టుకుంది. మన ఊళ్లో కాన్పు నొప్పులొస్తే మనం పిలిచే 108 సేవ 2005లో మొదలైంది కూడా రాజుగారి చొరవతోనే. ఎన్ని ప్రాణాలు నిలిచాయో! అయినా ఆ మంచి ఈ లెక్కను సరిచేయలేదు. మంచి పని తప్పుడు అంకెకు దుప్పటి కాదు. మంచి పని చేస్తున్నవాడికే ఆ దుప్పటి అందుబాటులో ఉంటుంది గనుక, సేవకులం మనం ఇంకా ఎక్కువ భయపడాలి.

మరో సంగతి. సత్యం బోర్డులో పేరున్న ప్రొఫెసర్లు ఉన్నారు. ఆడిటర్లు ఏళ్ల తరబడి సంతకాలు పెట్టారు. మనుషులు లేక కాదు, గట్టిగా అడిగేవాళ్లు లేక ఆ గొయ్యి అంత లోతైంది. మా సంఘపెద్దలు ముగ్గురూ భక్తిపరులే. కానీ "అయ్యగారూ, ఆ నివేదిక ఒకసారి చదివి వినిపించండి" అని ఎన్నడూ అడగలేదు. అడగనివ్వని గౌరవాన్ని మేమే పెంచాం. అభిషిక్తుణ్ణి ప్రశ్నించకూడదని ప్రసంగాల్లో ఎన్నిసార్లు చెప్పామో! మోషే అంతటివాడు తన మామ యిత్రో తప్పు చూపిస్తే విని, భారాన్ని పెద్దలతో పంచుకున్నాడు. మేము మోషే కంటే గొప్పవాళ్లమా?

"సంఘం కంపెనీ కాదు, వ్యాపార చదువులు మందిరంలోకి తేవద్దు" అని కొందరు దైవజనులు అంటారు. ఆ మాటలో నిజముంది. అంకెల వెంట పరుగు మాకు ఆ లోకం నుంచే అంటింది. అయితే ఆ లోకమే ఇంకోటి కూడా నేర్చుకుంది. దెబ్బ తిన్నాక కంపెనీల చట్టాన్ని 2013లో కొత్తగా రాసుకున్నారు, ఆడిటర్లను మార్చే నియమం పెట్టారు. నమ్మకం చాలదు, చూపించాలి అని వాళ్లు ఒప్పుకున్నారు. పరలోకానికి లెక్క చెప్పాలని బోధించే మనం, పక్కింటివాడికి కానుకల పుస్తకం చూపించడానికి వెనుకాడుతున్నాం.

ఊరికి వచ్చిన మొదటి ఆదివారమే పెద్దల ముందు ఒప్పుకున్నాం. వారిలో పెద్దాయన చాలాసేపు తలవంచుకుని, "మేమూ అడగలేదు కదయ్యా" అన్నారు. ఇప్పుడు కానుకలు ఇద్దరు కలిసి లెక్కిస్తారు, వారిలో ఒకరు స్త్రీ. నెలకొకసారి ఆ లెక్కను ఆరాధన తర్వాత అందరికీ చదువుతారు. సహాయం పంపేవారికి సరైన అంకెతో ఉత్తరం రాశాం. నలభై అయిదు. జవాబు ఇంకా రాలేదు. సహాయం ఆగిపోతే బియ్యం ఎలా అన్నది మాకు తెలియదు. ఆ మాట కూడా సంఘానికి చెప్పాం. ఆ వారమే ఇద్దరు రైతులు చెరో బస్తా తెచ్చి మందిరంలో దించారు.

తోటి సేవకులారా, మీ నివేదిక ఒకసారి తీసి చూడండి. తేడా చిన్నగా ఉన్నప్పుడే దిగండి. మా కొరకు ప్రార్థించండి.