చిల్లు పెట్టకుండా కట్టొచ్చు

మా షెడ్డులో నేను రోజుకి పదిసార్లయినా అనే మాట ఒకటుంది: "ఆగు." ఎవరైనా డ్రిల్లు మిషను చేతిలోకి తీసుకుంటే చాలు, నా నోట్లోంచి అది వచ్చేస్తుంది. కుర్రాళ్ళు నా వెనకాల నన్ను 'ఆగు సార్' అంటారని తెలుసు. అనుకోనీ. ఆ మాట ఎందుకంటానో ఇవాళ రాయాలనిపించింది. కథో కవితో ఉంటుందని వచ్చినవాళ్ళు మన్నించాలి. ఇది పడవని రోడ్డు మీద లాక్కెళ్ళే ట్రైలర్ గురించి, దాని పొట్ట కింద పాకే, పెన్సిలు కన్నా సన్నటి ఒక గొట్టం గురించి.

మస్కట్‌లో సొంత పడవలున్నవాళ్ళు తక్కువేం కాదు. ఇక్కడ వారాంతపు సెలవులు శుక్ర, శనివారాలు. అంచేత గురువారం సాయంత్రానికల్లా సీబ్ వైపూ, కురియాత్ వైపూ, ఇంకా దూరం సూర్ వైపూ ల్యాండ్ క్రూజర్లు పడవల్ని వెంటేసుకుని బయల్దేరతాయి. కాస్త పెద్ద పడవైతే ఇంజనూ ట్రైలరూ కలుపుకుని రెండు టన్నుల పైమాటే. అంత బరువుని ముందున్న బండి ఒక్కటే ఆపలేదు కనక ట్రైలర్‌కి సొంత బ్రేకులుంటాయి. అవి పనిచేసే తీరు నాకు భలే ఇష్టం. బండి బ్రేకు వేయగానే వెనకున్న ట్రైలర్ ముందుకి తోసుకొస్తుంది కదా, ఆ తోపునే వాడుకుని కప్లింగు దగ్గరున్న సిలిండరు బ్రేక్ ఆయిల్‌ని గొట్టంలోకి నెడుతుంది. గొట్టం ఫ్రేము పొడుగునా వెళ్ళి చక్రాల దగ్గర బ్రేకుల్ని బిగిస్తుంది. కరెంటు లేదు, మనిషి చెయ్యి లేదు. తోసేదాని బలంతోనే దాన్ని ఆపడం.

ఆ గొట్టం తెగిందా, ట్రైలర్‌కి బ్రేకు లేదు. బౌషర్ నుంచి అమరాత్‌కి కొండ దాటించే రోడ్డు మీద ఒక్కసారి ప్రయాణం చేసినవాళ్ళకి దీని అర్థం విడమరిచి చెప్పక్కర్లేదు.

గొట్టం దానంతటది తెగదు. వదులుగా ఉంటే ఊగుతుంది, ఊగి ఫ్రేముకి రాసుకుంటుంది, రాసుకుని రాసుకుని అరుగుతుంది. అందుకని అడుగూ అడుగున్నరకి ఒక చోట పట్టి ఉంచాలి. ఎలా పట్టి ఉంచాలన్నదే నా గొడవంతా. ఊళ్ళో సగం షెడ్లు చేసేది ఒకటే: ఫ్రేముకి చిల్లు పెట్టి, స్క్రూ ఎక్కించి, క్లిప్పు బిగించడం. సెల్ఫ్ డ్రిల్లింగ్ స్క్రూ ఉంటే పది సెకన్లు. చూడ్డానికి ఎంతో గట్టిగా ఉంటుంది. యజమాని వంగి చూసి, తలాడించి, డబ్బులిచ్చి వెళ్తాడు.

కిందటేడు వేసవిలో అలాంటి ట్రైలర్ ఒకటి మా దగ్గరికి వచ్చింది. స్క్రూలు నాలుగు తుప్పు తిని రాలిపోయాయి. గొట్టం వేలాడి, రోడ్డుకి ఒరుసుకుని, ఒకచోట నలిగి చిరిగింది. అమరాత్ దిగుతుంటే వెనకనుంచి ఎవరో నెడుతున్నట్టు అనిపించిందిట నడిపేవాడికి. మెల్లగా గేరు తగ్గించుకుంటూ ఎలాగో పక్కకి లాగి ఆపుకున్నాడు. ఎవరికీ ఏమీ కాలేదు. మేం ఉప్పూ బురదా కడిగి చూస్తే గొట్టం సంగతి సరే, ముందుకి పొడుచుకొచ్చే దూలం అడుగున రెండు స్క్రూ చిల్లుల దగ్గర వెంట్రుకంత సన్నటి పగుళ్ళు. ఇంకో ఏడాది ఆగితే గొట్టం కాదు, దూలమే విరిగేది.

మా దగ్గర కళింగపట్నం వైపు నుంచి వచ్చిన కుర్రాడొకడున్నాడు. చేతిపని బంగారం. ఆ పగుళ్ళ దగ్గర టార్చి పెట్టి చూస్తూ చాలాసేపు మాట్లాడలేదు. తరవాత నన్ను పక్కకి పిలిచి, "ఇవి నేనెట్టినవే అన్నా" అన్నాడు. మా దగ్గరికి రాకముందు ఇంకో షెడ్డులో ఉండేవాడు. మూడేళ్ళ కిందట ఒక గురువారం సాయంత్రం, యజమాని బయట హారను కొడుతుంటే, మేస్త్రీ తొందరపెడుతుంటే, కింద పడుకుని చకచకా పెట్టిన చిల్లులవి. పడవ రంగు చూసి గుర్తుపట్టాడు.

ఆ మాట నేను యజమానికి చెప్పలేదు. చిల్లులు పెట్టడం తప్పని చెప్పాను, ఎవరు పెట్టారో చెప్పలేదు. ఈ విషయంలో నా మీద నాకే అనుమానం ఉంది గానీ, మళ్ళీ అదే పరిస్థితి వస్తే మళ్ళీ అదే చేస్తాను. చిల్లు పెట్టింది వాడి చెయ్యే. పెట్టించింది బయట మోగిన హారను.

ఇంతకీ ఒక్క చిన్న చిల్లుతో ఏమవుతుంది? రెండు రకాల చేటు. పడవ ట్రైలర్‌ని సముద్రంలోకి దింపుతాం, అందుకే దాని ఫ్రేముని కరిగిన జింకులో ముంచి తీస్తారు. మిల్లీమీటరులో పదో వంతు కూడా లేని ఆ పూతే దాని ప్రాణం. డ్రిల్లు ఆ పూతని దాటి లోపలి ఇనుముని బయటపెడుతుంది. పైన గీత పడితే చుట్టూ ఉన్న జింకు తాను కరిగిపోతూ కొంతవరకు కాపాడుతుంది. కానీ పెట్టెలా మూసి ఉన్న దూలమైతే లోపలికి రాలిన ఇనుప రజను అక్కడే ఉంటుంది, ఉప్పునీళ్ళు ఆ చిల్లులోంచి కూడా దూరతాయి, లోపల ఏం జరుగుతోందో మనకి కనపడదు. రెండోది బలం సంగతి. లాగుతున్న ఇనుప పలకలో గుండ్రటి చిల్లుంటే, దాని అంచు దగ్గర లాగుడు మామూలుకి మూడు రెట్లవుతుంది. కిర్ష్ అనే జర్మన్ ఇంజనీరు 1898లోనే లెక్కగట్టి చెప్పాడు. దూలం నిలువు గోడ మధ్యలో అయితే ఆ లాగుడు తక్కువ, పెద్దగా నష్టం లేకపోవచ్చు. మనవాళ్ళకి కింద పడుకుంటే చేతికందేది అడుగు భాగం. లాగుడంతా ఉండేదీ అక్కడే.

ఫ్యాక్టరీలోనే ఫ్రేముకి చిల్లులుంటాయి కదా అని ఒకాయన నాతో వాదించాడు. ఉంటాయి. జింకు లోపలికి వెళ్ళి బయటికి రావడానికి అవి ఉండాలి. కానీ అవి ముంచకముందు పెట్టినవి, వాటి అంచులకీ పూత ఉంటుంది, ఎక్కడ పెట్టాలో ఆలోచించి పెట్టినవి. మనం పెట్టేది ముంచిన తరవాత.

నాకు అర్థం కానిది మనలో పాతుకుపోయిన ఒక నమ్మకం. మేకు కొడితే, బోల్టు వేస్తే గట్టిపని. కడితే తాత్కాలికం, బీదపని. ఈ చిన్నచూపు కొత్తది కాదు. 13వ శతాబ్దంలో హొర్ముజ్ వచ్చిన మార్కో పోలో అక్కడి ఓడల్ని చూసి ముక్కు విరిచాడు, ఇనుప మేకులు లేకుండా కొబ్బరి పీచు తాడుతో కుట్టారని. హొర్ముజ్ అంటే మాకు పొరుగే, ఒమాన్ ఉత్తరపు కొస ముసందమ్‌కి ఎదురుగా ఉంటుంది. ఆయన ముక్కు విరిచిన ఆ కుట్టు పద్ధతిలోనే టిమ్ సెవెరిన్ 1980లో సూర్‌లో 'సోహార్' అనే ఓడ కట్టించి, మస్కట్ నుంచి చైనాలోని కాంటన్ దాకా నడిపించాడు. ఒక్క మేకు లేదు. కలపా, తాడూ మన పశ్చిమతీరం నుంచి తెప్పించుకున్నాడు. ఇప్పుడది అల్ బుస్తాన్ రౌండెబౌట్ మధ్యలో ఉంది. పడవల్ని లాక్కెళ్ళేవాళ్ళు దాని చుట్టూ తిరిగి పోతుంటారు. ఆగి చూసినవాళ్ళని నేనైతే ఎక్కువమందిని చూడలేదు.

అంతదూరం ఎందుకు, మన కోరమాండల్ తీరంలో మసులా పడవలు ఉండేవి. రేవు కట్టకముందు మద్రాసులో ఓడ దిగినవాళ్ళని, సరుకుల్ని ఒడ్డుకి చేర్చింది అవే. పలకల్ని కొబ్బరి తాడుతో కుట్టేవారు, లోపల ఎముకల్లాంటి అడ్డబద్దలుండవు. పెద్ద కెరటం ఒడ్డున విసిరికొట్టినా ఒళ్ళు వంచి తట్టుకునేవి. మేకులు కొట్టి బిగించిన పడవ ఆ దెబ్బకి విచ్చిపోయేది.

ఇదంతా ఒకరోజు టీ దగ్గర చెప్తుంటే కళింగపట్నం కుర్రాడు మధ్యలో అడ్డొచ్చాడు. "కుట్టాలన్నా పలకకి చిల్లులెట్టాలి గదన్నా. ఒక్కో పడవకి ఎన్నెన్నుంటాయో తెలుసేటి? మా తాత అలివి వలకి ఎల్లింది అలాంటి పడవ మీదే." నా ఉపన్యాసం అక్కడితో ఆగిపోయింది. నిజమే, కుట్టు పడవంతా చిల్లులే. కాసేపు ఆలోచించి వాడే అన్నాడు: ఆ చిల్లుల్లో పీచు కూరుతారు, తాడు పాతబడితే విప్పి మళ్ళీ కుడతారు, ఏదీ కంటికి దాగి ఉండదు అని. నేను అంతవరకు చిల్లే తప్పనుకుంటున్నాను. వాడు దాన్ని సరిచేశాడు. చూడలేని, విప్పలేని చోట పెట్టిన చిల్లు తప్పు.

సరే, మరి ఎలా కట్టాలి. మా షెడ్డులో చేసేది చెప్తాను. ఫ్రేము పెట్టె ఆకారంలో ఉంటే దాని చుట్టూ స్టెయిన్‌లెస్ స్టీలు పట్టీ తిప్పి, కింద మందపాటి రబ్బరు ముక్క వేసి, ఆ పట్టీకి రబ్బరు తొడుగున్న పి-క్లిప్పు బిగిస్తాం. క్లిప్పులో గొట్టం. రబ్బరు ఎందుకంటే ఉప్పునీళ్ళలో స్టెయిన్‌లెస్, జింకు ఒకదానికొకటి నేరుగా తగిలితే నష్టపోయేది జింకే. రబ్బరు కింద ఉప్పు చేరుతుంది కాబట్టి సముద్రం నుంచి వచ్చిన ప్రతిసారీ మంచినీళ్ళతో కడగాలి, అది ఎలాగూ తప్పదు. సి ఆకారపు దూలమైతే ఇంకా తేలిక, అంచుకి కరుచుకునే స్ప్రింగు క్లిప్పులు దొరుకుతాయి. లైటు వైర్ల కోసం ముందే ఉన్న బోల్టుల్ని వాడుకోవచ్చు. యాక్సిల్‌ని పట్టుకునే యు-బోల్టుల జోలికి మాత్రం వెళ్ళం, దాని బిగువు దానికి ఉండాలి. ప్లాస్టిక్ టైలు ఇల్లు చేరేదాకా పనికొస్తాయి, అంతే. తెల్లవైతే ఇక్కడి ఎండకి ఒక వేసవిలోనే పెళుసెక్కి పుటుక్కుమంటాయి. ఇక చిన్న కొక్కెం వెల్డింగు చేద్దామనేవాళ్ళకి: ఆ వేడికి జింకు కాలిపోతుంది, ఆ పొగ పీల్చినవాడికి రాత్రికి చలిజ్వరం. గొట్టం కూడా మామూలు ఇనుపది కాకుండా రాగి-నికెల్ మిశ్రమానిది వేస్తే తుప్పు బెడద సగం తీరుతుంది. వోల్వో కార్లలో 1970ల నుంచీ అదే వాడుతున్నారు.

అసలు ఈ తలనొప్పంతా ట్రైలర్ తయారుచేసేవాళ్ళు తీర్చాల్సింది. జింకులో ముంచకముందే అడుగడుక్కీ ఒక చిన్న కొక్కెం అతికిస్తే మాకు డ్రిల్లే అక్కర్లేదు. కొందరు చేస్తున్నారు. ఎక్కువమంది చెయ్యరు, ఎందుకంటే కొనేవాడు పడవ రంగు చూస్తాడు, ఇంజను మీది అంకె చూస్తాడు, వంగి ట్రైలర్ అడుగున చూడడు. అమ్మకం దగ్గర మిగిలిన ఆ పది రియాళ్ళు చివరికి ఎవడో శ్రీకాకుళం కుర్రాడు ఎండలో వెల్లకిలా పడుకుని చుకాయిస్తాడు.

మొన్న గురువారం కొత్త ట్రైలర్ వచ్చింది. నాలుగున్నరకి తెచ్చి ఆరింటికల్లా కావాలన్నాడు యజమాని. మా వాడు డ్రిల్లు వైపు చూడను కూడా చూడలేదు. పాత లారీ ట్యూబు ముక్కలు కత్తిరించుకుని కిందకి దూరాడు. పట్టీలు పన్నెండు. ఒక్కోటి బిగించి, వేలితో గొట్టాన్ని మీటి చూసి, ఇంకోటి. ఏడయింది. యజమాని రెండుసార్లు గడియారం చూసుకున్నాడు, ఒకసారి హారను కొట్టాడు. నేను ఆయనకి టీ తెప్పించాను. తాగేశాక ఇంకోటి తెప్పించాను.