ఓపెన్ సోర్స్ పొడిగింతల వాడుక లెక్కింపు

ఒక ప్రధాన సాఫ్టువేరుకు అదనపు సౌకర్యాలను చేర్చే చిన్న ప్రోగ్రాములను పొడిగింతలు లేదా ప్లగిన్లు అంటారు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజరుకు, వెబ్‌సైట్లను నడిపే వర్డ్‌ప్రెస్‌కు ఇవి వేల సంఖ్యలో ఉన్నాయి. ఓపెన్ సోర్స్ పొడిగింతలను ఎవరైనా తీసుకొని ఇతరులకు పంచవచ్చును. సాధారణంగా అమ్మకాల లెక్క ఉండదు కనుక, వీటిని నిజంగా ఎందరు వాడుతున్నారో తెలుసుకోవడం కష్టం.

డౌన్‌లోడ్ల సంఖ్య

గ్రంథాలయం నుండి పుస్తకం తీసుకువెళ్ళిన వారందరూ దానిని చదివారని చెప్పలేము. డౌన్‌లోడ్ల సంఖ్య కూడా అటువంటిదే. జావాస్క్రిప్ట్ ప్యాకేజీల భాండాగారమైన ఎన్‌పీఎం నుండి స్వయంచాలక యంత్రాలు ఒకే ప్యాకేజీని పదేపదే తెచ్చుకొంటాయి. ప్రతిసారీ సంఖ్య పెరుగుతుంది, వాడేవారు పెరగరు. ఒక సంస్థ ఒక్కసారి తెచ్చుకొని వంద కంప్యూటర్లలో వాడినా లెక్కలో ఒకటే చేరుతుంది.

వాడుకను లెక్కించే పద్ధతులు

* వర్డ్‌ప్రెస్ సైట్లు కొత్త కూర్పుల కొరకు కేంద్ర సర్వరును తరచు సంప్రదిస్తాయి. దాని ఆధారంగా ప్రతి ప్లగిన్ ఎన్ని సైట్లలో పనిచేస్తున్నదో సుమారు సంఖ్యలో చూపుతారు. ఇది సైట్ల లెక్క, మనుషుల లెక్క కాదు.
* ఫైర్‌ఫాక్స్ పొడిగింతల గణాంకాలను 2020లో బ్రౌజరు పంపే వాడుక సమాచారంపై ఆధారపడేలా మార్చారు. ఆ సమాచారాన్ని పంపడానికి ఇష్టపడని వారు లెక్కలోకి రారు.
* డెబియన్ నిర్వాహక వ్యవస్థలో వాడుకరి అనుమతించినప్పుడే ప్యాకేజీల వివరాలు వెళ్తాయి. స్థాపించినవి, ఇటీవల వాడినవి వేర్వేరుగా లెక్కిస్తారు. అయితే ఇది స్వచ్ఛందంగా పాల్గొన్నవారి లెక్క మాత్రమే.

లెక్క ఖచ్చితంగా ఉండాలంటే వాడుకరిని గమనించాలి. వాడుకరి గోప్యతను గౌరవిస్తే లెక్క అసంపూర్ణమవుతుంది. ఈ వైరుధ్యం ఏ పద్ధతిలోనూ పూర్తిగా తొలగదు.

ఆదరణ, అవసరం

2016 మార్చిలో లెఫ్ట్-ప్యాడ్ అనే 11 వరుసల ప్యాకేజీని దాని రచయిత ఎన్‌పీఎం నుండి తొలగించగా, దానిపై ఆధారపడిన అనేక ప్రాజెక్టుల నిర్మాణం ఆగిపోయింది. వారిలో చాలామంది దానిని స్వయంగా ఎంచుకోలేదు. వేరే ప్యాకేజీల వెంట అది వచ్చింది. ఇక్కడ ఆదరణ కంటే ఆధారపడడమే ముఖ్యం.

దీనికి భిన్నమైన ఉదాహరణ పద్మ. యూనికోడ్ కాని ఫాంట్లలో ఉన్న తెలుగు పత్రికల పాఠ్యాన్ని ఈ ఫైర్‌ఫాక్స్ పొడిగింత యూనికోడ్‌లోకి మార్చి చూపేది. పత్రికలే యూనికోడ్‌కు మారిన కొద్దీ దాని అవసరం తగ్గింది. అటువంటి పొడిగింతకు వాడుకరులు తగ్గడం వైఫల్యం కాదు, ఆశయం నెరవేరడమే.

ఏ పొడిగింతను నమ్మాలి, దేని నిర్వహణకు సాయం అందించాలి అన్న నిర్ణయాలు తరచు ఈ సంఖ్యలను చూసే జరుగుతాయి. కనుక సంఖ్య ఎంత అనే దానికంటే ముందు, అది దేనిని లెక్కించినదో తెలుసుకోవాలి.